బరువు దించాం సరే, సైకిలెవరు దించుతారు?

రెండేళ్ల కిందటి జనవరి. ఆదివారం పొద్దున్న తొమ్మిది దాటింది. అరకు దారిలో అనంతగిరి దగ్గర కాఫీ తోటల మధ్య ఎర్రమట్టి బాటలో కూలబడి, వెనక చక్రం ఒళ్లో పెట్టుకుని, ట్యూబుకి పడ్డ రెండు చిల్లుల్ని చూసుకుంటున్నాను. పక్కపక్కనే, పాము కాటేసినట్టు ఉన్నాయి. వాటిని స్నేక్‌బైట్ అనే అంటారు. గాలి చాలని టైరు రాయిని గుద్దుకుంటే, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పడే చిల్లులవి. కావిడి భుజాన వేసుకుని పైనుంచి దిగుతున్న పెద్దాయన ఒకాయన నా దగ్గర ఆగాడు.

"ఏటి బావూ, సెడిపోనాదా?"

"గాలి పోయింది తాతా."

"ఎంతవుద్దేటి ఈ సైకిలు?"

ఉన్న ధరలో సగం చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు.

"ఓలమ్మ, దానికి బండే ఒచ్చేద్ది గదా!" అనేసి కావిడి భుజం మార్చుకుని దిగిపోయాడు.

ఆయన దిగిన బాటలోనే నేను అంతకు ముందు ఇరవై నిమిషాల పాటు సైకిల్‌ని చేత్తో పట్టుకుని, బూట్లు జారుతుంటే తిట్టుకుంటూ నడిచొచ్చాను. ఆయన మాత్రం రెండు వైపులా బరువుతో ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయాడు. మోకాళ్లు కాస్త వంచి, చిన్న చిన్న అడుగులు వేస్తున్నాడు. కాళ్లు గంతులేస్తున్నాయి గానీ భుజాలు కదలడం లేదు. ఆ మోకాళ్ల సంగతి నాకు అర్థం కావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి మాత్రం, కావిడి మోస్తున్న మనిషి నాకంటే వేగంగా దిగిపోయాడన్న ఉక్రోషం ఒక్కటే మిగిలింది.

అది కొండ బాటల మీద జరిగే చిన్న సైకిల్ రేసు. పేరు చెప్పాల్సినంత పెద్దది కాదు. యాభై మందికి మించి రారు. శనివారం 18 కిలోమీటర్లు, ఆదివారం 34. రెండు రోజులకూ కలిపి ఎక్కాల్సింది సుమారు 1,650 మీటర్లు. అందులో తారురోడ్డు కొంచెమే, మిగతాదంతా తోటల్లో జీపు బాటలు, కాలిబాటలు, గులకరాళ్లు పరుచుకున్న వాలు. విశాఖలో బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొచ్చి సైక్లిస్టులమని చెప్పుకునే మాలాంటి వాళ్లకి అదే హిమాలయం.

ఈ వ్యాసం రాయడానికి కారణం, ఈ ఏడాది మొదటిసారి వెళ్తున్న నలుగురైదుగురు కుర్రాళ్లు మా వాట్సాప్ గ్రూపులో అడుగుతున్న ప్రశ్నలు. సరిగ్గా నేను రెండేళ్ల కిందట అడిగినవే. సైకిల్ బరువు ఎంతుండాలి? కార్బన్ హ్యాండిల్ పెట్టిస్తే ఎంత తేడా వస్తుంది? తేలికైన టైర్లు ఏవి? వాటికి వస్తున్న జవాబులు కూడా అవే. అందరి ధ్యాసా ఎక్కడం మీదే. కొండ రేసు కదా, కొండెక్కాలి కదా, ఎక్కాలంటే బరువు తగ్గాలి కదా. వినడానికి బాగుంటుంది. నా మటుకు నేను ఈ మాట నమ్మి ముప్పై ఒక్క వేలు తగలేశాను, అందుకని కాస్త గట్టిగానే చెప్తాను: మనలాంటి వాళ్లం కొండ రేసుకి తయారవ్వాల్సింది ముందు దిగడానికి.

ముప్పై ఒక్క వేల లెక్క చూడండి. కార్బన్ హ్యాండిల్‌బార్, కార్బన్ సీటు గొట్టం, పల్చటి టైర్లు, అంతకంటే పల్చటి ట్యూబులు. అన్నీ మార్చాక సైకిల్ 900 గ్రాములు తగ్గింది. వంటింటి త్రాసు మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఫొటోలు కూడా తీశాను. మా ఆవిడ ఆ త్రాసు వంక, నా పొట్ట వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది.

ఆ 900 గ్రాములు ఎంత కలిసొచ్చాయో ఇంటర్ ఫిజిక్స్‌తో తేల్చుకోవచ్చు. బరువుని ఎత్తుతో, దాన్ని 9.8తో గుణిస్తే పని. 0.9 కిలోని 1,650 మీటర్లు ఎత్తడానికి పట్టే శక్తి సుమారు 14,600 జౌళ్లు. నేను ఎక్కువసేపు నిలకడగా తొక్కగలిగింది 150 వాట్లు. భాగిస్తే 97 సెకన్లు. రెండు రోజుల రేసు మొత్తానికి ఒకటిన్నర నిమిషం! అదే పల్చటి ట్యూబు పుణ్యమా అని ఆ పంక్చర్ దగ్గర పోయింది పద్నాలుగు నిమిషాలు. భయపడి నడిచి దిగిన చోట్లన్నీ కలిపితే ఇంకో అరగంట.

ఇక్కడ మా గ్రూపులో ఒక మిత్రుడు ఎప్పుడూ అడ్డు తగులుతాడు. అతని వాదనలోనూ నిజం ఉంది కాబట్టి దాటేయను. "రేసులో ఎక్కువ టైము ఎక్కడంలోనే పోతుంది గురూ, దిగడం ఎంతసేపు?" అంటాడు. నిజమే. నేనూ సైకిలూ కలిపి 88 కిలోలు. అంత బరువు 1,650 మీటర్లు ఎక్కాలంటే 150 వాట్ల చొప్పున రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు, అదీ మట్టి రాపిడిని లెక్కలో వేసుకోకుండా. కాళ్లలో బలం లేకుండా ఈ రేసుకి వెళ్లడం దండగ. కానీ అతను చూడని సంగతి ఒకటుంది. ఎక్కడంలో నాకూ, నా ముందు వచ్చిన పదిమందికీ తేడా నిమిషాల్లో ఉంది. ఆ తేడా తగ్గించాలంటే నెలల తరబడి తొక్కాలి, అప్పుడూ తగ్గేది కొంచెమే. నలభై నాలుగేళ్ల గుండె ఒక హద్దు దాటి కొట్టుకోదు. దిగడంలో మాత్రం తొక్కుకుంటూ దిగేవాడికీ నడిచి దిగేవాడికీ మధ్య తేడా ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత. పైగా దాన్ని ఆరేడు వారాల్లో పూడ్చుకోవచ్చు. ఎక్కువ సమయం పట్టేది ఎక్కడానికే, కాదనను. ఎక్కువ సమయం మిగుల్చుకోగలిగేది మాత్రం దిగడంలో.

ఇంకో మాట. అసలు ఈ ఆట పుట్టిందే దిగుడులో. 1976 అక్టోబర్ 21న అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లని పికప్ ట్రక్కులో కొండెక్కించి, మంటలార్పే బండ్ల కోసం వేసిన మట్టి రోడ్డు మీద కిందికి పందెం వేసుకున్నారు. సుమారు రెండు మైళ్ల బాట, 1,300 అడుగుల వాలు. ఆ సైకిళ్లలో చాలావాటికి ఉన్నది పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే, అదీ వెనక చక్రం హబ్బు లోపల. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు పొగలు కక్కుతూ మాడిపోయేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాలి. ఇంగ్లీషులో అలా మళ్లీ కూరడాన్ని రీప్యాక్ అంటారు. పందేనికీ, ఆ కొండ బాటకీ అదే పేరు స్థిరపడిపోయింది. ఆ బాటలో, పందేనికి దిగినవాళ్లలో ఒకడైన గ్యారీ ఫిషర్ రికార్డు 4 నిమిషాల 22 సెకన్లు. ఆ పందేల్లో దిగిన జో బ్రీజ్ అనే అతను 1977లో ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. మనం ఇవాళ ఎంటీబీ (మౌంటెన్ బైక్) అంటున్న సైకిల్ కథ అక్కణ్నుంచి మొదలు. ఎక్కడానికి ట్రక్కు వాడుకున్న మహానుభావులు కనిపెట్టిన సైకిల్ మీద కూర్చుని, మనం గ్రాముల లెక్కలు వేస్తున్నాం!

రీప్యాక్ కథలో నాకు బాగా నచ్చింది ఆ పొగ. దిగడమంటే వేడి. 88 కిలోలు 300 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తితో దాదాపు ముప్పావు లీటరు నీళ్లు మరుగుతాయి. కొంత గాలి పట్టుకుపోతుంది, కొంత మట్టి మింగుతుంది. భయపడుతూ నెమ్మదిగా దిగేవాడికి గాలి చేసే సాయం కూడా తక్కువే. మిగిలిందంతా బొటనవేలంత ఉండే రెండు జతల బ్రేకు ప్యాడ్‌ల మీదా, పళ్లెమంత డిస్కుల మీదా పడాలి. మొదటి ఏడాది నా ప్యాడ్‌లు రెండేళ్ల నాటివి. సైకిల్‌తో పాటు వచ్చిన రెజిన్ ప్యాడ్‌లు. బీచ్ రోడ్డు మీద వాటికి పనేముంది, అందుకే ఎప్పుడూ విప్పి చూడలేదు. ఆదివారం రెండో దిగుడు సగంలో కీచుమని ఒకటే అరుపు, తర్వాత మాడిన వాసన, ఆ తర్వాత లివర్ ఎంత నొక్కినా సైకిల్ తన మానాన తను పోతోంది. పక్కనున్న పొదలోకి తోసుకుని ఆపాను. ఇంటికొచ్చి ప్యాడ్ విప్పితే అద్దంలా మెరుస్తోంది. మిగిలిన మందం గోరంత. షిమానో వాళ్లు చెప్పే హద్దు అర మిల్లీమీటరు, అక్కడికి వస్తే పారేయాలి. నాది దాని అంచున ఉంది. ఆ జత ఖరీదు ఏడెనిమిది వందలు. ముప్పై ఒక్క వేలు పెట్టినవాణ్ని ఆ ఏడెనిమిది వందలు పెట్టలేకపోయాను.

అందుకని రెండో ఏడాది సైకిల్‌ని బరువెక్కించాను. కుర్రాళ్లు నవ్వారు. పల్చటి టైర్లు తీసేసి 2.35 అంగుళాల గట్టి టైర్లు, ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్, లోపల సీలెంట్ (చిల్లు పడితే లోపల్నుంచే మూసేసే ద్రవం). సీటుని బొటనవేలితో నొక్కి కిందికీ పైకీ జరుపుకునే డ్రాపర్ పోస్ట్. అదొక్కటే అర కిలో దాకా ఉంటుంది. బ్రేకులకు మెటల్ ప్యాడ్‌లు. అన్నీ అయ్యాక సైకిల్, నేను తేలిక చేసుకున్న అవతారం కంటే 1.3 కిలోలు ఎక్కువ తూగింది. అదే లెక్క ప్రకారం ఎక్కడంలో నాకు రెండు నిమిషాల ఇరవై సెకన్లు నష్టం. నష్టపోయాను కూడా. మొత్తం సమయం మాత్రం ఆరు గంటల రెండు నిమిషాల నుంచి అయిదు గంటల పదకొండు నిమిషాలకి వచ్చింది. అందులో పన్నెండు నిమిషాల కథ వేరే ఉంది, చివర్లో చెప్తాను.

ట్యూబ్‌లెస్ గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది అక్కడే విసిగిపోయి మళ్లీ ట్యూబుకి పోతారు. మా బాల్కనీలో ఒక శనివారం సాయంత్రం మొత్తం ఈ పనికే సరిపోయింది. రిమ్ముకి టేపు చుట్టేటప్పుడు కింద తడి గానీ దుమ్ము గానీ ఉండకూడదు. సముద్రం పక్కన ఉండే మన ఇళ్లలో గాలిలోనే తేమ కాబట్టి స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి, ఎండలో పెట్టి అప్పుడు చుట్టాలి. టైరు అంచులకి సబ్బు నీళ్లు రాసి, వాల్వు లోపలి ముక్క తీసేసి, ఒక్క ఊపున గాలి కొట్టాలి. చేతి పంపుతో నలభై సార్లు కొట్టినా నాకు రాలేదు. చివరికి వీధి చివర బైకుల పంక్చర్ షాపుకి మోసుకెళ్తే, ఆ కుర్రాడు కంప్రెసర్ గొట్టం పెట్టీ పెట్టకముందే టప్ టప్‌మని రెండు చప్పుళ్లతో టైరు రిమ్ములో కూర్చుంది. ఆ చప్పుడు వినడానికి నాలుగు గంటలు కష్టపడ్డాను. డబ్బులు ఇస్తానంటే వద్దన్నాడు. తర్వాత సీలెంట్ పోసి, చక్రాన్ని అటూ ఇటూ పడుకోబెట్టి తిప్పుతూ, రాత్రంతా గాలి దిగుతోందో లేదో చూడాలి. ఇదంతా రేసుకి కనీసం రెండు వారాల ముందు అయిపోవాలి. శుక్రవారం రాత్రి గెస్ట్‌హౌస్ వరండాలో టార్చి వెలుగులో ఈ పని పెట్టుకున్నవాళ్లని చూశాను. జాలేసింది.

గాలి ఎంత? నా బరువుకి ఆ టైర్లలో 22 పీఎస్ఐ. ట్యూబులతో అయితే 30కి దగ్గరగా ఉండాలి, లేకపోతే ఆ పాము కాట్లే. రోడ్డు అలవాటుతో 45 కొట్టుకొచ్చినవాడు గులకరాళ్ల మీద బంతిలా ఎగురుతాడు. విశాఖలో గాలి కొట్టుకుని అరకు వెళ్తే ఎంత మారుతుందని ఒకసారి సరదాగా లెక్కేశాను. పైకెళ్తే బయటి గాలి ఒత్తిడి తగ్గి గేజీలో ఒకటిన్నర పెరగాలి. ముప్పై డిగ్రీల నుంచి పన్నెండుకి చల్లబడితే రెండు తగ్గాలి. మొత్తానికి 22 కాస్తా 21 చిల్లర అవుతుంది. పంపు గేజీ చెప్పే అబద్ధం అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఎవరికీ పనికిరాదు. నాకు ఆనందంగా ఉంది కాబట్టి చెప్పాను.

గేర్ల గురించి ఒక్క మాట. ఎక్కడానికి నిజంగా సాయపడేది ఏదైనా ఉందంటే అది చిన్న గేరు. నా సైకిల్‌కి ముందు, పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 32 పళ్లు, వెనక పెద్దదానికి 42. నిమిషానికి అరవైసార్లు తొక్కితే గంటకి ఆరుంపావు కిలోమీటర్ల వేగం. నిటారు ఎక్కుడులో అంత వేగం నిలబెట్టే శక్తి నాకు లేదు. అంతకంటే నెమ్మదిగా తొక్కితే మోకాళ్లు మూలుగుతాయి. ముందరి పళ్ల చక్రాన్ని 28 పళ్లకి మార్చాను. అయిదున్నర కిలోమీటర్లకి వచ్చింది. ఖర్చు రెండున్నర వేలు. కార్బన్ హ్యాండిల్‌లో ఎనిమిదో వంతు.

ఇక సాధన. ఎక్కడానికి సింహాచలం ఘాట్ ఉంది. తెల్లవారుజామున, భక్తుల బస్సులు మొదలవ్వక ముందు, వరసగా మూడుసార్లు ఎక్కి దిగితే కాళ్లకి చాలినంత పని. శనివారం ఒకసారి, ఆదివారం మళ్లీ. రేసు రెండు రోజులు కాబట్టి అలిసిన కాళ్లతో తొక్కడం అలవాటవ్వాలి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. చివరి వారం సగానికి సగం తగ్గించేయాలి. ఆ వారంలో కొత్తగా వచ్చే బలం ఉండదు, వచ్చేదల్లా అలసటే.

దిగడం ఎక్కడ నేర్చుకోవాలన్నది అసలు ప్రశ్న. తారు ఘాట్ మీద దిగితే దిగడం రాదు, వేగం మీద మోజు వస్తుంది. విశాఖ చుట్టూ మట్టి వాలుకి కొదవ లేదు. అయితే ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం వెళ్లొద్దు. వేల ఏళ్ల నాటి ఇసుక, వాన చినుక్కే కరిగిపోతుంది, చక్రానికి ఆగుతుందా? అక్కడ టైరు గుర్తులతో ఫొటోలు పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. కంబాలకొండ అభయారణ్యం, అక్కడ అటవీ శాఖ వాళ్ల నియమాలున్నాయి. మేం ఆనందపురం అవతల ఒక చెరువు గట్టు వెనకాల, రాయి తీసి వదిలేసిన గుట్ట ఒకటి చూసుకున్నాం. ఎత్తు ముప్పై మీటర్లు కూడా ఉండదు. గొర్రెలు తిరిగే బాటే మా ట్రాక్. ప్రతి బుధవారం ఆఫీసుకు ముందు గంటసేపు, అదే వాలు, అదే మలుపు, పదిహేనుసార్లు.

మొదటి రెండు వారాలు నాకు చావే. వాలు కనిపించగానే ఒళ్లంతా బిగుసుకుపోతుంది, చేతులు కర్రల్లా అవుతాయి, నాలుగు వేళ్లూ బ్రేకు లివర్ మీదికి పోతాయి, చూపు ముందు చక్రం దగ్గర అతుక్కుపోతుంది. చూసిన రాయినే గుద్దుకుంటాం. తర్వాత ఒక బుధవారం, ఎందుకో ఆ కావిడి తాత మోకాళ్లు గుర్తొచ్చాయి. సీటు కిందికి దించేసి, పెడళ్లు రెండూ నేలకి సమానంగా ఉంచి లేచి నిలబడ్డాను. మోకాళ్లూ మోచేతులూ వంచి మడమలు కిందికి వేశాను. బరువంతా పాదాల్లోకి వెళ్లింది. సైకిల్ కింద గంతులేస్తోంది, నా తల మాత్రం ఒకే ఎత్తులో పోతోంది. బ్రేకు మీద ఒక్కో చేతిది ఒక్క వేలు చాలు. మలుపులో కాదు, మలుపు ముందే నొక్కి, మలుపులో వదిలేయాలి. వదలడమే కష్టం. భయం వేసినప్పుడు నొక్కడం అందరికీ వచ్చు.

అక్కడే ఇంకోటి తెలిసింది. సరిగ్గా దిగడం వస్తే ఎక్కడం కూడా తేలికవుతుంది. మొదటి ఏడాది ప్రతి దిగుడు చివరా నా ముంజేతులు రాళ్లలా గట్టిపడి, గుండె ఎక్కినప్పటి కంటే జోరుగా కొట్టుకునేది. అలా కిందికి చేరి, విశ్రాంతి లేకుండానే తర్వాతి ఎక్కుడు మొదలుపెట్టేవాణ్ని. రెండో ఏడాది దిగుడంటే ఊపిరి పీల్చుకునే చోటు. నీళ్లు తాగడానికి కూడా తీరిక దొరికింది. మా మిత్రుడికి ఇది ఎన్నిసార్లు చెప్పినా లెక్కలో చూపించమంటాడు. లెక్కలో చూపించలేను.

"నీకేంటి గురూ, పంక్చర్ పడితే పిడ్‌కాక్‌కి కూడా పడింది, అయినా గెలిచాడు" అని కూడా అంటాడు. పారిస్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ రేసు సంగతది, 2024 జులై 29. బ్రిటన్ సైక్లిస్టు టామ్ పిడ్‌కాక్‌కి మధ్యలో ముందు చక్రం పంక్చర్ అయింది, అరనిమిషానికి పైగా వెనకపడ్డాడు, చివరి ల్యాపులో ఫ్రాన్స్ కుర్రాడు విక్టర్ కొరెట్స్కీని దాటి బంగారం పట్టుకుపోయాడు. గొప్ప రేసే. కానీ అతనికి టెక్ జోన్‌లో, అంటే రిపేర్లకి కేటాయించిన చోట, చక్రం పట్టుకుని మనిషి ఉన్నాడు. మనకి అనంతగిరి బాటలో ఉన్నది కావిడి తాత. అందుకే జేబులో ఒక ట్యూబు, టైరులో గుచ్చే ప్లగ్గులు, చిన్న పంపు, చైన్ లింకు ఒకటి. వీటన్నిటి బరువూ 600 గ్రాములు. మోయండి.

వారాంతం సంగతి కొంత. శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరి రాత్రి ఘాట్ ఎక్కడం పొరపాటు. ఎస్.కోట దాటాక మలుపులు మొదలవుతాయి, పైన మంచు కమ్మేస్తుంది, బండిలో వెనక కూర్చున్నవాడికి వాంతులు. మొదటి ఏడాది ఆ వెనక కూర్చున్నవాణ్ని నేనే. ఖాళీ కడుపుతో, మూడు గంటల నిద్రతో శనివారం లైన్లో నిలబడ్డాను. ఇప్పుడు శుక్రవారం సెలవు పెట్టి పదింటికల్లా బయల్దేరుతున్నాం. సాయంత్రం వెలుతురు ఉండగానే మొదటి దిగుడు ఒకసారి నడిచి చూసుకోవచ్చు. కొత్తచోట నిద్ర ఎలాగూ పట్టదు కాబట్టి, గురువారం రాత్రి ఇంట్లో పట్టే నిద్రే అసలు నిద్ర. ఏజెన్సీలో సెల్ సిగ్నల్ ఒక మలుపులో ఉంటే ఇంకో మలుపులో ఉండదు, ఫోన్‌పేని నమ్ముకోకుండా అయిదు వందల నోట్లకి చిల్లర పట్టుకెళ్లండి. జనవరి పొద్దున్న చలికి దాహం తెలియదు. తెలియకపోయినా చెమట పోతూనే ఉంటుంది. నేను ఒక సీసాలో ఓఆర్‌ఎస్, ఇంకో సీసాలో మామూలు నీళ్లు పెట్టుకుంటాను. తినడానికి గంటకొక అరటిపండు, రెండు పల్లీ చిక్కీ ముక్కలు. జెల్‌లు కొన్నవాళ్లని తప్పుపట్టను గానీ, మా అమ్మ పొద్దున్నే చోడంబలి (రాగి అంబలి) తాగించి పొలం పంపిన మా నాన్న ఎప్పుడూ జెల్ అడగలేదు. రేసు రోజు నేను తాగేదీ చోడంబలే, మూడు గంటల ముందు, రెండు ఇడ్లీలతో.

ఆ పన్నెండు నిమిషాల కథ ఇక్కడ చెప్పేయాలి. రెండో ఏడాది శనివారం బాగా దిగాను. అంత బాగా దిగానని నాకే నమ్మకం కుదరలేదు. సాయంత్రం అందరం అరకు వెళ్లాం. రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు బొంగులు పేర్చి ఉన్నాయి. బొంగు చీలుస్తుంటే వచ్చే ఆ వాసన ముందు ఎనిమిది నెలల సాధన ఏపాటి? పచ్చిమిర్చి దట్టించిన చికెన్, ఒకరికి ఒక బొంగు చాలన్నాడు అమ్మే అబ్బాయి. నేను రెండు తిన్నాను. ఆదివారం రేసులో పదకొండో కిలోమీటరు దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల వెనక పన్నెండు నిమిషాలు గడిపాను. అటుగా వెళ్తున్న మా మిత్రుడు నా సైకిల్ చూసి, "ఏం గురూ, బరువు దించుతున్నావా?" అని అరిచి మరీ వెళ్లాడు. ఆ మాట ఇప్పటికీ గ్రూపులో తిరుగుతోంది.

ఆ రోజు అతను నాకంటే ఆరు నిమిషాలు ముందు వచ్చాడు. ఇది రాయకపోతే వాడు కామెంట్లలో రాస్తాడు.

ఈసారి రేసుకి ఇంకా పదకొండు రోజులుంది. సాయంత్రం ప్యాడ్‌లు విప్పి చూస్తే వెనకవి ఒక మిల్లీమీటరు దాకా అరిగిపోయి ఉన్నాయి. ఇంకో రేసుకి వస్తాయి, రావాలి. అయినా కొత్తవి వేసేశాను. కొత్త ప్యాడ్‌లు అలా వేసుకుని వెళ్లిపోతే పట్టవు. వేగం తెచ్చుకుని, పూర్తిగా ఆగకుండా గట్టిగా నొక్కి వదలడం ఓ ఇరవైసార్లు చేయాలి. అప్పటికి గానీ డిస్కు మీద పూత పట్టదు. రేపు తెల్లవారి అయిదింటికి సింహాచలం ఘాట్ మీద ఆ పనే పెట్టుకున్నాను. గ్రూపులో కుర్రాళ్లని ఇద్దర్ని రమ్మన్నాను. వాళ్లలో ఒకడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు: "అంకుల్, కార్బన్ హ్యాండిల్ ఆఫర్‌లో ఉంది, కొననా?"